చదరాలు – సున్నాలు

సావనీర్‌కు ఏదైనా వ్రాసి యివ్వమని యూనియన్ కార్యదర్శి అడిగాడు. "సైన్సువాడివి కదా, అంతరిక్షం మీద వ్రాయి" అని సలహా కూడా యిచ్చాడు. అంతరిక్షం గురించి నాకు తెలిసింది వేసవిలో వాకిట్లో నులకమంచం మీద పడుకుని చూసినంత మాత్రమే. నాకు బాగా తెలిసినది మా యిల్లు. కనుక మా యింటి గురించే వ్రాస్తున్నాను. అక్కయ్యను అడిగాను, అత్తయ్యను అడిగాను. "రాసుకో, పేర్లు మాత్రం పెట్టకు" అన్నారిద్దరూ. ఆడవాళ్ళ జబ్బు గురించి మగపిల్లవాడు వ్రాయడమేమిటని నవ్వే మిత్రులు చివరిదాకా చదివి అప్పుడు నవ్వవలసిందిగా మనవి.

మా జెనెటిక్స్ ప్రాక్టికల్స్‌లో ఎవరి వంశవృక్షం వారు గీసుకురావాలి. మగవారికి చదరం, ఆడవారికి సున్నా. ఎన్నుకున్న లక్షణం వున్నవారి గుర్తును నలుపు చెయ్యాలి. పోయినవారి మీద అడ్డగీత, మేనరికమైతే భార్యాభర్తల మధ్య జంటగీత. తెలియని చోట ప్రశ్నార్థకం. క్లాసులో ముప్పాతిక మంది నాలుక గొట్టంలా మడవగలగడాన్నే ఎన్నుకున్నాం. ఇంటిల్లిపాదినీ అరుగు మీద కూర్చోబెట్టి నాలుకలు చాపమంటే మా నాయనమ్మ "ఇందుకా నిన్ను అంత దూరం పంపి చదివిస్తోంది" అని లేచిపోయింది. ఆమె సున్నాలో ప్రశ్నార్థకం పెట్టాను. (నాలుక సంగతి కూడా అంత తేలిక కాదట. 1940లో దీన్ని వంశపారంపర్య లక్షణంగా చెప్పిన స్టర్టివాంట్ గారే, ఒకే పోలిక కవలల్లో ఒకరు మడవగలిగి ఇంకొకరు మడవలేకపోవడం తేలాక తరువాత తరువాత దాన్ని వదులుకున్నాడని మా లెక్చరర్ గారు చెప్పారు. అయినా ప్రతి రికార్డులోనూ నాలుకే.)

ఆ చార్టుకు పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. నేను చెప్పబోయేది మార్కులు లేని రెండో చార్టు గురించి.

మా వూరు కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలికి బస్సులో గంట దూరంలో వుంది. నాలుగెకరాల మాగాణి, రెండు గేదెలు. ఇంట్లో నాయనమ్మ, నాన్న, అమ్మ, అక్కయ్య, నేను. అత్తయ్య కూడా మాతోనే వుంటుంది. ఆమె నాన్నకు అక్క. ఎందుకు మాతో వుంటుందనేది నా చిన్నతనంలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటికి దూలం వున్నట్టే అత్తయ్య వుంది.

అక్కయ్యకు యిరవై మూడేళ్ళు. బి.కాం. పూర్తిచేసి గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తున్నది. కిందటి సంక్రాంతికి ముందు నన్ను తోడు తీసుకుని ఒక డాక్టరమ్మగారి దగ్గరకు వెళ్ళింది. నెలసరి మూడేసి నెలలకు గాని రావడం లేదు, గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి. ఆ విషయం నాకు తెలియడం అదే మొదలు. డాక్టరమ్మగారు స్కానింగు చూసి, రక్తపరీక్షలు చూసి, "పి.సి.ఓ.ఎస్." అని చీటీ మీద వ్రాశారు. తరువాత అక్కయ్య మెడ వెనక చూసి, "ఈ నలుపు ఎప్పటినుంచీ?" అన్నారు. అక్కయ్య తల వంచుకుంది. ఎనిమిదో తరగతి నుంచీ ఆ నలుపు పోవాలని అమ్మ నిమ్మచెక్కా సున్నిపిండీ పెట్టి రుద్దిన రుద్దుడు నాకూ జ్ఞాపకమే. "ఇది మట్టి కాదమ్మా, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు చర్మం యిలా మందమై నల్లబడుతుంది" అన్నారావిడ. "మీ యింట్లో యింకెవరికైనా షుగరుందా?" అని అడిగితే, "లేదండీ" అన్నాను ధీమాగా. మా యింట్లో ఎవరూ ఎన్నడూ పరీక్ష చేయించుకుని ఎరుగరు గనుక లేదు. ఆవిడ నా వంక చూసి, "ఏదీ, నువ్వటు తిరుగు" అన్నారు.

నేను తిరిగాను. ఆవిడ యింకేమీ అనలేదు. "నువ్వు కూడా పరగడుపున రక్తం యిచ్చి వెళ్ళు, రేపైనా సరే" అన్నారు. నేను యివ్వలేదు. జబ్బు అక్కయ్యది, నాదెందుకు అనుకున్నాను.

ఇంటికి వచ్చాక మాటలు మొదలైనాయి. హాస్టలు తిండి వల్ల అని ఒకరు. రాత్రుళ్ళు ఫోను చూడటం వల్ల అని యింకొకరు. నిజానికి అక్కయ్య ఏమంత లావు కాదు, యాభై ఎనిమిది కిలోలు. నాయనమ్మ మాత్రం ఒకే మాటతో తేల్చేసింది: "గర్భసంచిలో గడ్డలట. మా వంశంలో లేదమ్మా యిలాంటిది. వాళ్ళమ్మ పుట్టింటి నుంచి వచ్చి వుంటుంది." అమ్మ మారుమాట్లాడకుండా అంట్ల దగ్గరకు వెళ్ళిపోయింది. ఇక్కడొక చిక్కుంది. మా అమ్మ నాయనమ్మకు స్వయానా అన్నగారి కూతురు. అంటే నాయనమ్మ తిట్టిన ఆ పుట్టిల్లు తన పుట్టిల్లే! నాకు నవ్వు వచ్చింది గాని, అమ్మ మొహం చూసి ఆగిపోయాను.

ఆ రాత్రే రెండో చార్టు మొదలుపెట్టాను, పెన్సిలుతో.

ముందు ఆ గడ్డల సంగతి. అవి గడ్డలు కావు. ప్రతి నెలా అండాశయంలో కొన్ని చిన్న చిన్న అండకోశాలు ఎదగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి పూర్తిగా ఎదిగి అండాన్ని విడుదల చేస్తుంది. పి.సి.ఓ.ఎస్.లో చాలా కోశాలు సగంలో ఆగిపోయి, స్కానింగులో వరుసగా బుడగల్లా కనిపిస్తాయి. 1935లో షికాగోలో స్టైన్, లెవెంతాల్ అనే యిద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీలలో దీన్ని గమనించి వ్రాశారు. వారికి కనిపించింది అండాశయం కనుక పేరూ దాని మీదే నిలిచింది. ఈ పేరే దారి తప్పిస్తున్నది, మార్చాలి అని 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కూర్చిన నిపుణుల సంఘం సిఫారసు చేసింది. మా యింటికి ఆ సిఫారసు చేరలేదు.

మరి మూలం ఎక్కడ? ఇది నాన్నకు చెప్పడానికి నేను ఎన్నుకున్న పద్ధతి వ్రాస్తాను. మా కాలువ మీద పై పొలాల తూములన్నీ పూడిపోయాయనుకోండి. నీరు చాలడం లేదని పైవాళ్ళు గోల పెడితే లస్కరు ఏం చేస్తాడు? కాలువకు యింకా నీరు వదులుతాడు. పూడిన తూముల్లోంచి కూడా ఎలాగో పారి పై పొలాలు గట్టెక్కుతాయి. కాని తూము బాగున్న ఒక పొలం వుంటుంది చూడండి, అది మునిగిపోతుంది. కండరాలూ కాలేయమూ ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమం యింకా ఇన్సులిన్ వదులుతుంది. దాంతో రక్తంలో చక్కెర చాలా ఏళ్ళు అదుపులోనే వుంటుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. అండాశయం తూము మాత్రం బాగానే పనిచేస్తుంది. ఆ వరద తాకిడికి అది మగ హార్మోన్లను మోతాదు మించి తయారుచేస్తుంది. అంతేకాక, ఆ హార్మోనును రక్తంలో కట్టి వుంచే ఒక ప్రోటీన్‌ను కాలేయం తయారుచేస్తుంది. ఇన్సులిన్ పెరిగితే అది తగ్గుతుంది. కట్టుతాడు తెంచుకున్న గిత్తను వేరే వర్ణించనక్కరలేదు. గడ్డం మీద వెంట్రుకలు, ఆగిపోయిన కోశాలు, తప్పిన నెలసరి, అన్నీ ఆ తరువాతివి. అందరిలోనూ ఒకే దారిన జరుగుతుందని కాదు గాని, ఎక్కువగా జరిగేది యిది. లావు లేని ఆడవారిలో కూడా యీ ఇన్సులిన్ మొండితనం వుంటుందని ఆండ్రియా డునైఫ్ అనే అమెరికా డాక్టరు 1989లోనే చూపించారు.

నాన్న అంతా విని, "అయితే మునిగిన పొలంవాణ్ణి తిట్టి లాభం లేదంటావు" అన్నాడు. అంత చక్కగా మా పాఠ్యపుస్తకంలో లేదు.

పూడిక ఎక్కడినుంచి వచ్చిందన్నదే చార్టులో ప్రశ్న. 2006లో నెదర్లాండ్స్‌లో కవల స్త్రీలను పరిశీలించి, యీ లక్షణంలో సుమారు 70 శాతం జన్యువుల వాటా అని లెక్క కట్టారు. 1998లో అమెరికాలో యీ జబ్బువున్న స్త్రీల తోబుట్టువులను పరీక్షిస్తే, అయిదుగురు అక్కచెల్లెళ్ళలో ఒకరికి పైగా అదే జబ్బు వుంది. ఇంచుమించు మరి అంతమందికి నెలసరి సక్రమంగా వస్తున్నా మగ హార్మోను ఎక్కువగా వుంది. ఒకే జన్యువు పని కాదిది. 2011లో చైనావారు వేలమంది రక్తం పరీక్షించి కొన్ని జన్యుస్థానాలు కనుక్కున్నారు, తరువాత యింకా దొరుకుతూనే వున్నాయి. మా లెక్చరర్ గారి మాటల్లో "ఇది మెండెల్ బఠానీ కాదబ్బాయ్, కందిచేను మీద వాన లాంటిది. ఎన్ని చినుకులు పడ్డాయో ఎవడు లెక్కపెడతాడు?"

నన్ను ఆపేసిన వాక్యం మాత్రం వేరే వుంది. ఈ జన్యువులు మగవారిలోనూ వుంటాయి. వారికి అండాశయాలు లేవు గనుక యీ పేరు పడదు, అంతే. బ్రిటన్‌లో భద్రపరిచిన లక్షకు పైగా మగవారి జన్యు వివరాలను పరిశీలించి 2021లో ప్రకటించినదేమంటే, పి.సి.ఓ.ఎస్. జన్యు భారం ఎక్కువగా వున్న మగవారికి స్థూలకాయం, చక్కెర జబ్బు, బట్టతల వచ్చే అవకాశం ఎక్కువ. తండ్రులూ అన్నదమ్ములూ మోసుకు తిరుగుతారు. నింద మాత్రం పడరు.

మరునాడు ప్రొద్దున నాన్న గేదెకు గడ్డి వేస్తుంటే వెనకనుంచి మెడ చూశాను. నల్లగా, మందంగా, మఖమలు గుడ్డలా వుంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న మెడే. పొలంలో ఎండకు నల్లబడిందనుకున్నాం అందరమూ. కష్టజీవి మెడ అని నేను ఆరో తరగతి వ్యాసంలో వ్రాసి బహుమతి కూడా పొందాను. "నాన్నా, చెయ్యెత్తు" అన్నాను. చంకలో కూడా అదే నలుపు. చంకలో ఎండ ఎక్కడ తగులుతుంది?

నాన్న చదరం పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాను. పరీక్ష లేకుండా నలుపు చెయ్యడానికి వీల్లేదు.

అత్తయ్య సున్నా దగ్గర చాలాసేపు ఆగాను. ఆమె ప్రతి ఆదివారం తలుపు వేసుకుని అద్దం ముందు కూర్చుంటుంది. ఒక చిన్న పట్టకారు వుంది ఆమె దగ్గర. అది దేనికో పిల్లలకు తెలియకూడదు. నాయనమ్మ నిద్రపోయాక వంటింట్లో నేను నెమ్మదిగా అడిగాను. అత్తయ్య మొదట కసురుకుంది. తరువాత చెప్పింది. ఆమె పెళ్ళి 1982లో. నెలసరి ఏడాదికి మూడు నాలుగుసార్లు. ఆరేళ్ళు మొక్కులు, తాయెత్తులు, రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు. మామను మాత్రం ఎవరూ ఏ పరీక్షకూ పంపలేదు. ఆరేళ్ళ తరువాత పెద్దమనుషుల్లో పెట్టి తెంచేశారు. పెట్టె తీసుకుని వచ్చేసింది. "గొడ్రాలి మొహం పొద్దున్నే చూడకూడదని మీ నాయనమ్మ చెల్లెలే నా ముందు తలుపేసుకుందిరా" అంది పప్పు గుత్తి కడుగుతూ. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే వుంది.

ఆమెకు అదే జబ్బని నేను చెప్పలేను. ఏ పరీక్షలూ జరగలేదు. ఒక్క విషయం మాత్రం పుస్తకంలో చూసి వెతుక్కున్నాను. అండం విడుదల కావడానికి యిచ్చే క్లోమిఫిన్ అనే మాత్రకు అమెరికాలో 1967లోనే అనుమతి వచ్చింది. ఇప్పుడు అంతకన్న మెరుగైనది లెట్రోజోల్ అంటున్నారు. పి.సి.ఓ.ఎస్. వుంటే పిల్లలు పుట్టరని కాదు, చాలామందికి యీ మాత్రలతోనో, మామూలుగానో పుడుతున్నారు. 1967 నుంచి 1982 దాకా పదిహేనేళ్ళు. అమెరికా నుంచి మా వూరికి ఆ మాట రావడానికి ఆ పదిహేనేళ్ళు చాలలేదు. ఈ సంగతి అత్తయ్యకు చెప్పాలా వద్దా అని మూడు రోజులు తన్నుకున్నాను. చెప్పాను. "పోనీలే, అక్కకైనా వుంది" అని తమలపాకుకు సున్నం రాసుకుంది.

ఫిబ్రవరిలో అక్కయ్యకు సంబంధం వచ్చింది. అబ్బాయి ఎలక్ట్రిసిటీ డిపార్టుమెంటు. పెళ్ళిచూపుల ముందు రోజు నాన్న అందర్నీ కూర్చోబెట్టి, "ఆ డాక్టరు చీటీ సంగతి ఎత్తకండి. పెళ్ళయ్యాక వాళ్ళే చూపించుకుంటారు" అన్నాడు. నేను నేల చూపులు చూశాను. సిగ్గుచేటు, కాని నిజం: నాకు కూడా అదే తేలికగా తోచింది. అక్కయ్య మాత్రం, "అత్తయ్యకూ అలాగే చేశారుగా నాన్నా" అంది.

అత్తయ్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

నాన్న నా వైపు తిరిగి, "చదువుకున్నోడివి, నువ్వు చెప్పరా" అన్నాడు. నేను చెప్పడానికి బదులు చార్టు తెచ్చి మంచం మీద పరిచాను. తాతయ్య చదరం, అడ్డగీత. నాయనమ్మ. వారి కింద అత్తయ్య, నాన్న. అమ్మకూ నాన్నకూ మధ్య జంటగీత, ఆ గీత వెంట పైకి పోతే మళ్ళీ నాయనమ్మ పుట్టిల్లే. నాన్న చదరం పక్కన చుక్క. నా చదరం పక్కన కూడా అప్పటికి చుక్క పెట్టాను. నాన్న చాలాసేపు చూశాడు. ఒక చెయ్యి తనంతట తానే మెడ మీదికి పోయింది.

అప్పటికే లోపలికి వచ్చి నిలబడ్డ అత్తయ్య అడిగింది: "నన్నెక్కడ గీశావురా?" చూపించాను. ప్రశ్నార్థకం వున్న సున్నా. "ఇదేనా నేను! దీని కింద గీత లేదే" అంది. కింద గీత పిల్లలకు గీస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనే అర్థం చేసుకుంది. నాయనమ్మ గోడవైపు తిరిగి, "అప్పుడు నాకేం తెలుసే" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు.

పెళ్ళిచూపుల్లో అక్కయ్య అబ్బాయితో తనే చెప్పింది. అతను మర్యాదగానే విన్నాడట. కబురు చేస్తామన్నారు. ఇది వ్రాసేనాటికి కబురు రాలేదు. అక్కయ్య మాత్రం సాయంకాలం ఆఫీసు నుంచి నడిచి వస్తున్నది, అన్నం కొలిచి తింటున్నది, మాత్రలు వేసుకుంటున్నది. పోయిన రెండు నెలలూ నెలసరి వరుసగా వచ్చిందని అమ్మ నాకు ఫోనులో చెప్పింది. మా అమ్మ యిలాంటి సంగతి కొడుకుతో చెప్పడం ఎంత వింతో మా వూరివాళ్ళకు తెలుస్తుంది.

పెళ్ళిచూపులైన వారానికి నాన్నా నేనూ పరగడుపున బస్సెక్కి వెళ్ళి రక్తం యిచ్చాం. నాన్నకు 162. నాకు 109. వంద దాటితే హెచ్చరిక, 126 దాటి రెండోసారి కూడా అలాగే వస్తే చక్కెర జబ్బు. నాన్నకు రెండోసారి కూడా దాటింది. నా నడుము కొలిస్తే 93 సెంటీమీటర్లు. మన దేశపు మగవారికి 90 దాటకూడదట. బరువు చూస్తే నేను సన్నటివాడి కిందే లెక్క. ఇందులో వింతేమీ లేదని తరువాత తెలిసింది. పూనాలో వున్న డాక్టర్ యాజ్నిక్ గారూ, ఆయన స్నేహితుడు లండన్ డాక్టర్ యడ్కిన్ గారూ 2004లో తమ ఫోటోలే పక్కపక్కన వేసి ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో యిద్దరిదీ ఒకే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ దొరగారికి 9.1 శాతం, మన డాక్టరుగారికి 21.2 శాతం! మా తాతయ్య నాగలి వెంట నడిచాడు. నాన్న ట్రాక్టరు మీద కూర్చున్నాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. ముగ్గురమూ తిన్నది యిదే అన్నం. ముగ్గురిదీ అదే విత్తనం, పొలమే మారింది.

నాన్న చదరం నలుపు చేశాను. నాది సగం చేశాను. అలా సగం చేసే పద్ధతి మా రికార్డులో లేదు, లెక్చరర్ గారిని అడిగితే ఆయన ఒప్పుకున్నారు. ఆ చార్టు ఆయనకు చూపించడానికి నాకు నెల పట్టింది. చూసి, మార్కులు వెయ్యకుండా తిరిగి యిచ్చేశారు.

అత్తయ్య ప్రశ్నార్థకం అలాగే వుంది. నెలసరి ఆగిపోయిన తరువాత కూడా యిలాంటివారికి చక్కెర, రక్తపోటు, కొవ్వు చూస్తుండాలని డాక్టరమ్మగారు చెబితే, ఈ నెలాఖరుకు అక్కయ్యతో పాటు తీసుకువెళ్దామనుకున్నాం. "ఈ వయసులో నాకెందుకురా, గేదెల పాలెవరు తీస్తారు" అంది. శనివారం ఇంటికి వెళ్ళి చూస్తే, పెట్టెలో అడుగునున్న జరీ అంచు చీర తీసి దండెం మీద ఆరేసి వుంది.